రాజధాని గోడ మీద కూలివాడి పేరు

వార్షికోత్సవ సంచికలో ఎవరెవరు ఏమి రాయాలో స్టడీ అవర్ అయ్యాక కూర్చుని మాట్లాడుకుంటున్నాం. చైనా పాత రాజధానుల గురించి రాస్తామని మేము అనగానే ఒక తమ్ముడు లేచి, "మనకెందుకన్నా చైనా రాజుల కోటలు? మన తాతలతో రాళ్లు మోయించిన రాజుల గొడవ చాలదా?" అన్నాడు. ఇంకో తమ్ముడు మరో అడుగు ముందుకేశాడు. కూలీల నెత్తురు మీద లేచిన గోడలను పడగొట్టడమే న్యాయమన్నాడు. చప్పట్లు అతనికే ఎక్కువ పడ్డాయి. ఆ రాత్రి సరైన జవాబు చెప్పలేకపోయాం. తర్వాత లైబ్రరీలో దొరికినవీ, బయట నుంచి తెచ్చుకున్నవీ చదివి, మాలో మేము తగువులాడుకుని ఈ జవాబు రాస్తున్నాం.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. ఆ గోడలను పడగొట్టకూడదు. ఇది రాజుల మీద గౌరవంతో అంటున్న మాట కాదు. వాటిని కట్టిన మనుషుల పేర్లు ఆ గోడల్లో, వాటి పక్కన మట్టిలో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు కాబట్టి అంటున్నాం.

చైనా వాళ్లు తమ గొప్ప రాజధానులను లెక్కపెట్టుకుంటారు. మొదట షియాన్, లోయాంగ్, నాంజింగ్, బీజింగ్ అని నాలుగు చెప్పేవారు. కైఫెంగ్, హాంగ్‌జౌ కలిసి ఆరయ్యాయి. ఆన్యాంగ్ వచ్చి ఏడు, 2004లో జెంగ్‌జౌ వచ్చి ఎనిమిది. మన జిల్లాల లాగే రాజధానులు కూడా పెరుగుతాయన్నమాట అని మాలో ఒకరు నవ్వారు. ఎనిమిదింటికీ ఇక్కడ చోటు లేదు. హాంగ్‌జౌ, జెంగ్‌జౌలను వదిలేస్తున్నాం, ఆ ఊళ్ల వాళ్లు క్షమించాలి.

ఆన్యాంగ్‌తో మొదలుపెడదాం. క్రీ.పూ. 1300 ప్రాంతం నుంచి 1046 దాకా షాంగ్ వంశపు రాజులకు అది చివరి రాజధాని. 1928లో అక్కడ తవ్వకాలు మొదలయ్యాయి. తాబేలు చిప్పల మీద, ఎడ్ల ఎముకల మీద ప్రశ్నలు చెక్కి, కాల్చి, పడిన పగుళ్లను చూసి జోస్యం చెప్పేవారట. చైనా లిపికి మనకు దొరికిన తొలి పెద్ద ఆధారం ఆ ఎముకలే. వాన పడుతుందా, పంట పండుతుందా, రాణికి పురుడు సుఖంగా వస్తుందా అని రాజు అడిగేవాడు. చదువుతుంటే మన పల్లెటూరి పెద్దాయన సోదెకు వెళ్లినట్టే ఉంటుంది. కానీ ఇంకో ప్రశ్న కూడా ఉండేది. పితృదేవతలకు ఈసారి ఎంతమంది మనుషులను బలి ఇవ్వాలి అని. యుద్ధాల్లో పట్టుకొచ్చిన పరాయి తెగల వాళ్లను ఇచ్చేవారు. రాజుల సమాధుల పక్క గోతుల్లో వేలమంది ఎముకలు బయటపడ్డాయి, చాలామందికి తలలు లేవు. 1976లో ఫూ హావ్ అనే రాణి సమాధి దొరికింది. ఆమె సైన్యాలను నడిపిన స్త్రీ. మూడువేల ఏళ్ల కిందట ఒక ఆడమనిషి సేనాపతి అంటే మా చెల్లెళ్లు సంతోషిస్తారు, మేమూ సంతోషించాం. ఆమె పేరు కంచు పాత్రల మీద పోతపోసి ఉంది. ఆమెతో పాటు పదహారు మందిని కూడా అక్కడే పాతిపెట్టారు. వాళ్ల పేర్లు ఏ పాత్ర మీదా లేవు.

తర్వాత వెయ్యేళ్లకు పేర్లు కనిపించడం మొదలవుతుంది, అదీ చాలా విచిత్రంగా. క్రీ.పూ. 221లో చైనాను ఒక్కటి చేసిన చిన్ చక్రవర్తి రాజధాని షియెన్‌యాంగ్, ఇప్పటి షియాన్ నగరానికి దగ్గరలోనే. 1974లో రైతులు బావి తవ్వుతుంటే బయటపడిన మట్టి సైనికుల బొమ్మలు అందరికీ తెలుసు. ఆ చక్రవర్తి సమాధికీ, అతని రాజభవనానికీ ఏడు లక్షల మంది పనిచేశారని సిమా చియెన్ అనే చరిత్రకారుడు రాశాడు. ఆ సమాధికి కొంత దూరంలోనే కూలీల శ్మశానం కూడా దొరికిందన్నది చాలామందికి తెలియదు. చచ్చిపోయిన వాడి మీద ఒక పగిలిన పెంకు పెట్టి, దాని మీద పేరు, ఊరు గీకారు. అలా దొరికిన పేర్లు ఇరవై కూడా లేవు. ఏడు లక్షల్లో ఇరవై! అందులో కొందరి పేరు పక్కన, ప్రభుత్వానికి కట్టాల్సిన బాకీ కింద పనిచేస్తున్నవాడు అని ఉంది. అంటే అప్పు కింద జీతం ఉన్నవాడు. ఆ మాటకు అర్థం మన ఇళ్లలో ఎవరూ నిఘంటువు చూసి నేర్చుకోలేదు.

లోయాంగ్‌లో ఇంకా ఎక్కువ దొరికాయి. క్రీ.శ. 25 నుంచి అది తూర్పు హాన్ వంశానికి రాజధాని. పట్నం కట్టడానికి దేశమంతటి జైళ్ల నుంచి ఖైదీలను తోలుకొచ్చారు. 1964లో పురావస్తు శాఖవారు ఆ ఖైదీల సమాధులు ఐదువందలకు పైగా తవ్వారు. ఒక్కో శవం దగ్గర ఒక ఇటుక ముక్క. దాని మీద ఏ జైలు నుంచి వచ్చాడు, ఏ శిక్ష పడింది, పేరేమిటి, ఏ ఏడు ఏ నెల ఏ రోజు చచ్చాడు. కొన్నిటి మీద చివర, శవం దీని కిందే ఉంది అని. బతికి ఉన్నప్పుడు వాళ్లను లెక్కపెట్టినట్టే చచ్చాక కూడా లెక్క రాసుకున్నారు. లెక్కకోసం రాసిందే గానీ జాలితో రాసింది కాదు. అయినా ఆ లెక్క వల్లనే ఇవాళ వాళ్లకు పేరుంది.

ఇక చాంగాన్. ఇప్పటి షియాన్. మాకు అన్నిటికంటే నచ్చిందీ, అన్నిటికంటే కోపం తెప్పించిందీ ఇదే. 582లో సూయి వంశపు తొలి చక్రవర్తి కొత్త రాజధాని కట్టమంటే యువెన్ కాయ్ అనే అధికారి పథకం గీశాడు. తర్వాత వచ్చిన తాంగ్ వంశం అదే నగరాన్ని ఏలింది. దాదాపు 84 చదరపు కిలోమీటర్లు, చదరంగం బల్లలా గీతలు గీసినట్టు వీధులు, నడిమి రాజవీధి వెడల్పే 150 మీటర్లు. ఊరంతా 108 పేటలు, ఒక్కో పేటకు చుట్టూ ప్రహరీ గోడ, గేట్లు. తూర్పున ఒక సంత, పడమర ఒక సంత. పడమటి సంతలో పర్షియా, మధ్య ఆసియా వర్తకులు దుకాణాలు పెట్టుకునేవారు. బౌద్ధ విహారాలతో పాటు పారశీకుల అగ్ని మందిరాలు, క్రైస్తవుల గుడి కూడా ఆ ఊళ్లో ఉండేవి.

పొద్దు గూకగానే డప్పుల మోత మొదలయ్యేది. ఆ మోత ఆగేలోపు ఎవరి పేటలోకి వాళ్లు చేరుకోవాలి, గేట్లు మూసేస్తారు. తర్వాత పెద్ద వీధిలో దొరికితే ఇరవై దెబ్బలు, అది చట్టంలోనే రాసి ఉంది. మా వాళ్లు ఇది విని, సెకండ్ షో సినిమాకు గోడ దూకిన సీనియర్లను తలచుకున్నారు. వార్డెన్ సారు మాత్రం చాంగాన్ పద్ధతి చాలా బాగుందన్నారు.

ఈ చాంగాన్‌కూ మనకూ ఒక చుట్టరికం ఉంది. మనం హ్యూయెన్‌త్సాంగ్ అని పాఠాల్లో చదువుకున్న భిక్షువు ఆ ఊరి నుంచే బయల్దేరి, దేశమంతా తిరిగి, మన ధాన్యకటకంలో కొన్ని నెలలు ఉన్నాడు. అక్కడి భిక్షువుల దగ్గర శాస్త్రం చదువుకున్నాడు, తనకు తెలిసింది వాళ్లకు చెప్పాడు. ధాన్యకటకమంటే ఇప్పటి అమరావతి, ధరణికోట. 645లో అతడు 657 గ్రంథాలతో చాంగాన్ చేరాడు. ఆ గ్రంథాలను అగ్గి నుంచి కాపాడటానికి 652లో ఒక ఇటుకల గోపురం లేపారు, షియాన్‌లో ఇప్పటికీ ఉంది. అది కడుతున్నప్పుడు హ్యూయెన్‌త్సాంగ్ స్వయంగా గంప ఎత్తుకుని ఇటుకలు, రాళ్లు మోశాడని అతని జీవితచరిత్రలో ఉంది. అప్పటికి అతనికి యాభై ఏళ్లు, చక్రవర్తి పిలిచి పక్కన కూర్చోబెట్టుకునే మనిషి. గంప ఎత్తడం తప్పనుకోలేదు. ఈ ఒక్క సంగతి కోసమైనా మేము ఆ గోపురాన్ని చూడాలనుకుంటున్నాం.

అదే గోపురం దగ్గర మరో ఆచారం పుట్టింది. రాజ్యంలో పెద్ద పరీక్ష పాసైన యువకులు అక్కడికి వచ్చి తమ పేర్లు రాసుకునేవారు. పుట్టుకను బట్టి కాక పరీక్షను బట్టి ఉద్యోగం ఇవ్వాలన్న ఆలోచనను అంత పాత కాలంలో అమలు చేసినందుకు చైనాను మెచ్చుకోవాలి. మేమూ మెచ్చుకున్నాం, గ్రూప్స్‌కు చదివే అన్నలైతే ఇంకా ఎక్కువ మెచ్చుకున్నారు. అయితే తాంగ్ కాలంలో చేతివృత్తుల వాళ్లకు, వర్తకుల కొడుకులకు ఆ పరీక్ష రాసే హక్కు లేదు. ఆడవాళ్ల సంగతి అడగనే అక్కర్లేదు. గోపురం కట్టిన తాపీ పనివాడి కొడుకు ఆ గోపురం మీద పేరు రాసుకునే దారి లేదన్నమాట.

చాంగాన్ వైభవం చదివేవాళ్లు బై జూయీ కవి పేరు కూడా గుర్తుపెట్టుకోవాలి. 800లో ఆ పరీక్ష పాసైనవాడు, పెద్ద ఉద్యోగాలు చేసినవాడు. అయినా బొగ్గులమ్మే ముసలివాడి మీద కవిత రాశాడు. కొండల్లో బొగ్గు కాల్చి, మంచులో బండి తోలుకుని పట్నం సంతకు వస్తే, రాజభవనపు మనుషులు వచ్చి కాస్త పట్టుగుడ్డ ఎద్దు కొమ్ములకు చుట్టి బండెడు బొగ్గూ తోలుకుపోతారు. రాజధాని అంటే ఏమిటో అంత సూటిగా చెప్పినవాళ్లు తక్కువ.

ఆ చాంగాన్ ఏమైంది? పరీక్ష పలుమార్లు తప్పిన ఉప్పు వర్తకుడు హువాంగ్ చావ్ తిరుగుబాటు చేసి 881లో పట్నాన్ని పట్టుకున్నాడు. పరీక్ష తప్పినవాళ్లందరూ ఇలా చేయకూడదని మనవి. 904లో ఇంకో సేనాని చక్రవర్తిని లోయాంగ్‌కు తరలిస్తూ, మేడల దూలాలన్నీ ఊడదీయించి నదిలో తేల్చి పంపించాడు. జనాన్ని కూడా అలాగే ఖాళీ చేయించాడు. పది లక్షల మంది ఉండేవారని చెప్పే నగరం మళ్లీ ఎప్పుడూ రాజధాని కాలేదు.

కైఫెంగ్ గురించి రెండు మాటలే. 960 నుంచి 1127 దాకా సోంగ్ వంశపు రాజధాని. చాంగాన్‌లా పేట గోడలు, డప్పులు, గేట్లు ఇక్కడ లేవు. దుకాణాలు వీధి మీదికి వచ్చాయి, రాత్రి సంతలు మొదలయ్యాయి. పసుపు నది వరదలకు ఆ ఊరు పదేపదే మునిగింది. ఇప్పటి వీధుల కింద సోంగ్ కాలపు కైఫెంగ్ మట్టిలో ఉంది. కానీ చాంగ్ ద్జెదువాన్ అనే చిత్రకారుడు గీసిన బొమ్మ మిగిలింది. అయిదు మీటర్లకు పైగా పొడవున్న పట్టు చుట్ట అది. అందులో వందలమంది జనం. పడవ లాగేవాళ్లు, మూటలు మోసేవాళ్లు, బండ్లు తోలేవాళ్లు, గాడిదలు, టీ కొట్లు. చక్రవర్తి మాత్రం లేడు. మాకు తెలిసినంతలో ఒక రాజధానికి తీసిన అసలైన ఫొటో అదే.

ఇప్పుడు నాంజింగ్‌కు వద్దాం, ఈ వ్యాసం రాయాలని మాకు అనిపించిందే దీని వల్ల. మింగ్ వంశాన్ని స్థాపించిన జూ యువాన్‌జాంగ్ నిరుపేద రైతు కొడుకు. కరువులో తల్లిదండ్రులు పోతే మఠంలో చేరి, అడుక్కుతిని పెరిగాడు. 1368లో చక్రవర్తి అయ్యాడు. నాంజింగ్ చుట్టూ అతడు కట్టించిన గోడ పొడవు 35 కిలోమీటర్లు. ఇరవై ఏళ్లకు పైగా పట్టింది. దానికి కావలసిన ఇటుకలను యాంగ్‌జీ నది వెంబడి ఉన్న ఎన్నో జిల్లాల్లో కాల్పించి పడవల మీద తెప్పించారు. ఒక్కో ఇటుక దాదాపు 40 సెంటీమీటర్ల పొడవు, 20 వెడల్పు, 10 మందం. ఒంటి చేత్తో లేచేది కాదు.

ఆ ఇటుకల పక్కన అక్షరాలున్నాయి. ముందు జిల్లా పెద్ద అధికారి పేరు, తర్వాత కింది అధికారి, తర్వాత వంద ఇళ్ల పెద్ద, పది ఇళ్ల పెద్ద, తర్వాత బట్టీ మేస్త్రి, చిట్టచివర ఇటుక కోసిన కూలివాడి పేరు. ఇటుక పగిలితే, నాసిగా ఉంటే ఎవరిని పట్టుకోవాలో తెలియడానికి ఈ ఏర్పాటు. కూలివాడిని గౌరవించడానికి కాదు, శిక్షించడానికి రాయించిన పేరది. చక్రవర్తి తాను పేదవాడిగా పుట్టిన సంగతి ఇటుకల విషయంలో గుర్తు పెట్టుకోలేదు.

అయినా ఆలోచించండి మిత్రులారా. ఆరువందల యాభై ఏళ్లు దాటినా ఆ పేర్లు ఇవాళ చదవగలుగుతున్నాం. మన హాస్టల్లో ఎంతమంది అమ్మానాన్నలు సంక్రాంతి ముందే ఇటుక బట్టీలకు వలస వెళ్తారో చేతులెత్తమంటే చాలా చేతులు లేస్తాయి. వాళ్లు కోసిన ఇటుక మీద ఎవరి అక్షరాలుంటాయి? బట్టీ యజమానివి. మా హాస్టల్ ముందు శిలాఫలకం మీద ప్రారంభించినవారి పేర్లు, అధ్యక్షత వహించినవారి పేర్లు ఎనిమిది ఉన్నాయి, లెక్కపెట్టాం. తాపీ మేస్త్రి పేరు లేదు.

నాంజింగ్‌లోనే ఇంకొక సంగతి. 1402లో చక్రవర్తి మీద అతని పినతండ్రి దండెత్తి నాంజింగ్‌ను పట్టుకుని తానే సింహాసనమెక్కాడు. తనను ఎదిరించినవారిని చంపించి, వాళ్ల ఆడవాళ్లను, పిల్లలను ఆటపాటల కులంలోకి దించాడనీ, ఉత్తరాన షాన్‌షీలో యువెహూ అని పిలిచే నీచ వర్గం అలా పుట్టిందనీ చెబుతారు. తరతరాలుగా వాళ్లకు పరీక్ష లేదు, మంచి కుటుంబాలతో పెళ్లి లేదు. 1723లో యోంగ్‌జెంగ్ చక్రవర్తి వాళ్లకు ఆ ముద్ర తీసేస్తూ ఆజ్ఞ ఇచ్చాడు. బాగుంది కదా? కానీ 1771లో వచ్చిన నిబంధన ప్రకారం, ముద్ర పోయిన రోజు నుంచి నాలుగు తరాలు గడిచాకే వాళ్ల పిల్లలు పరీక్ష రాయాలి. నాంజింగ్ పరీక్షా ప్రాంగణంలో ఇరవై వేలకు పైగా గదులుండేవి, ఒక్కొక్కరికి ఒక చిన్న గది. ఇరవై వేల గదుల్లో వీళ్లకు ఒక్క గదికి నాలుగు తరాలు ఆగమన్నారు. కాగితం మీద వచ్చిన హక్కు గడప దాటి లోపలికి రావడానికి ఎంత కాలం పడుతుందో ఈ హాస్టల్లో చదివిన పూర్వ విద్యార్థులకు మేము చెప్పాలా? ఆ పరీక్షలు 1905లో పూర్తిగా రద్దయ్యాయి.

నాంజింగ్‌ను పట్టుకున్న ఆ పినతండ్రే రాజధానిని బీజింగ్‌కు మార్చాడు. 1406 నుంచి 1420 దాకా నిషిద్ధ నగరం కట్టారు. సుజౌ దగ్గరి వడ్రంగి క్వాయ్ షియాంగ్ ఆ పనుల్లో పేరు తెచ్చుకుని చివరికి మంత్రిత్వ శాఖలో ఉపమంత్రి దాకా ఎదిగాడు. నగర ద్వారాలు కట్టించిన రువాన్ ఆన్, వియత్నాం నుంచి చిన్నప్పుడే పట్టుకొచ్చి నపుంసకుణ్ణి చేసిన బానిస. ఇద్దరు ముగ్గురి పేర్లు ఇలా పైకి వచ్చాయి, మిగతా జనం ఆ పసుపు పెంకుల కింద కనిపించకుండా పోయారు. అయిదువందల ఏళ్లు మామూలు మనిషి ఆ గేటు లోపలికి అడుగుపెట్టలేదు. 1925 అక్టోబరు 10న అది మ్యూజియం అయింది. టికెట్ కొనుక్కుని జనం లోపలికి పోయారు. పడగొట్టడం కంటే పెద్ద ప్రతీకారం ఇదే అని మా వాదన. రాజు పడుకున్న గదిని బొగ్గులమ్మేవాడి మునిమనవడు కిటికీలోంచి చూసి, ఇంతేనా అనుకుని వెళ్లిపోవడం.

చప్పట్లు కొట్టించుకున్న తమ్ముడి మాటకు ఇప్పుడు వద్దాం. 1950ల్లో చైనాలో కూడా అదే మాట అన్నారు. బీజింగ్ కోట గోడ ఫ్యూడల్ కాలపు గుర్తు, రాకపోకలకు అడ్డం, తీసేయాలి అని. అందులో అబద్ధం లేదు. కార్మికుడికి గోడ కంటే బస్సు ముఖ్యం. కానీ లియాంగ్ సిచెంగ్ అనే వాస్తుశిల్పి 1950లోనే వేరే దారి చూపించాడు. ప్రభుత్వ కార్యాలయాలను పాత ఊరికి పడమర కట్టుకుందాం, గోడకు కావలసినన్ని కొత్త దారులు తెరుద్దాం, గోడ పైన మొక్కలు నాటి బల్లలు వేసి పనివాళ్లు సాయంత్రం సేద తీరే తోట చేద్దాం అన్నాడు. ఎవరూ వినలేదు. 1965లో భూగర్భ రైలు పనులు మొదలై, మిగిలిన గోడలో చాలా భాగం దాని కోసమే పోయింది. నాంజింగ్‌లో జూ షియే అనే సాంస్కృతిక శాఖ అధికారి 1956లో ఊరి గోడ పడగొడుతుంటే పత్రికల్లో రాసి, పై అధికారులతో పోట్లాడి ఆపించాడు. మరుసటి ఏడాది ఆయనపై మితవాది అని ముద్ర వేశారు. 1968లో సాంస్కృతిక విప్లవపు వేధింపుల్లో ప్రాణం పోయింది. ఇవాళ నాంజింగ్‌లో దాదాపు 25 కిలోమీటర్ల గోడ నిలిచి ఉందంటే అందులో ఆయన పాలు ఉంది. కూలీల పేర్లున్న ఇటుకలు అవే.

రాజు గుర్తును చెరిపేస్తున్నామనుకుని చెరిపింది ఎవరి గుర్తును? రాజు పేరు పుస్తకాల్లో ఉంది, సమాధి మీద ఉంది, వంశవృక్షంలో ఉంది. గోడ పోతే రాజుకు పోయేదేమీ లేదు. ఇటుక కోసినవాడికి ఆ ఇటుక ఒక్కటే ఉంది. అందుకే ఆ రాత్రి చప్పట్లతో మేము ఏకీభవించడం లేదు. తమ్ముడు వచ్చే సంచికలో దీనికి జవాబు రాస్తానన్నాడు, రాయమన్నాం.

బీజింగ్‌లో పడగొట్టిన గోడ ఇటుకలను జనం తోలుకుపోయి ఇళ్లకు, పెరటి గదులకు వాడుకున్నారు. 1990ల చివర, మిగిలిన కాస్త గోడను బాగుచేస్తున్నాం, పాత ఇటుకలుంటే తెచ్చివ్వండి అని నగరంలో పిలుపునిచ్చారు. జనం మళ్లీ ఆ ఇటుకలను తెచ్చి అప్పగించారు. ఆ ముక్క ఇప్పుడు బీజింగ్‌లో డోంగ్‌బియెన్‌మెన్ దగ్గర ఒక పార్కులో ఉంది.